బాట ఎవరిదో ముందు అడగండి: తిరుపతి, చిత్తూరు ఊళ్లలో మౌంటెన్ బైక్ యాత్రలు నడపాలనుకునేవారికి

మీరు అడిగినవి మూడు. వారాంతాల్లో బెంగుళూరు, చెన్నై నుంచి ఇరవై మందిని తీసుకొచ్చి కొండదారి సైకిల్ యాత్రలు నడపడానికి శేషాచలంలో మంచి దారులు ఎక్కడున్నాయి, అనుమతి ఎవరిస్తారు, ఊళ్లవాళ్లకు ఏమైనా ఇవ్వాలా. పద్దెనిమిదేళ్లుగా ఈ కొండల కింద సైకిల్ తొక్కుతున్నాను. అందులో తొమ్మిదేళ్లు బృందాలను వెంటబెట్టుకుని తిరిగాను. ఆ అనుభవంతో మీ మూడో ప్రశ్నను మొదటికి తెస్తాను. అది తేలితే మిగతా రెండూ వాటంతట అవే తేలతాయి. మీరు తొక్కబోయే ప్రతి బాటనూ ఎవరో ఒకరు రోజూ నడిచి నిలబెట్టారు. మేకలకాపరి కావచ్చు, చెరువు కింద మడికి వెళ్లే రైతు కావచ్చు, కట్టెలకు పోయే ఆడవాళ్లు కావచ్చు. వాళ్లు నడవడం మానేస్తే రెండు వానలకే కంప కమ్మేసి అక్కడ బాట ఉండదు. కాబట్టి ముందు ఇచ్చేది వాళ్లు, పుచ్చుకునేది మనం.

ఇది నాకు తెలిసిరావడానికి ఒక మేక కాలు విరగాల్సి వచ్చింది. పులిచెర్ల వైపు ఒక చెరువు కట్ట మీద నుంచి దిగే సన్నటి బాటలో మా బృందం వెళ్తోంది. ఉదయం తొమ్మిది దాటింది. ముందున్న కుర్రవాడు వాలులో బ్రేకు వదిలేసి మలుపు తిరిగాడు. మలుపు అవతల మేకల మంద. మేకలు రెండు వైపులా చెదిరిపోయాయి, ఒక చూడి మేక బండ మీద జారి ముందుకాలు విరగ్గొట్టుకుంది. మందను తోలుకొస్తున్న అవ్వ అరవలేదు, తిట్టలేదు. చెంగు అంచు చించి, పక్క చేలో నుంచి రెండు కందిపుల్లలు తెచ్చి, మేకను ఒళ్లో పెట్టుకుని కట్టు కట్టింది. మేం డబ్బు తీసి ఇచ్చాం. ఆమె లెక్కపెట్టుకుని, "మేకకు సరిపోయింది నాయనా. బెదిరిన చోటికి మంద మళ్లీ రాదు. రేపటి నుంచి నీళ్లకు గుట్ట చుట్టూ తిప్పుకుపోవాలి. దానికి ఎంత ఇస్తావు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

వారం తర్వాత సైకిళ్లు లేకుండా వెళ్లి ఆమె ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఏ మంద ఏ వేళకు ఎటు దిగుతుందో, ఏ మలుపు అవతల ఏముంటుందో, ఏ వంక ఎప్పుడు పారుతుందో ఒక పూటలో ఆమె చెప్పినంత అంతకుముందు తొమ్మిదేళ్లు తొక్కి నేను తెలుసుకోలేదు. మా యాత్రల వేళలు, దారులు, వేగం అన్నీ ఆ మాటల మీదే మళ్లీ కట్టుకున్నాం. ఉదయం ఆరున్నరకు బయలుదేరి తొమ్మిదిలోపు కట్ట దాటేయాలి, ఆ తర్వాత బాట మందలది. మనిషి గానీ పశువు గానీ ఎదురైతే సైకిల్ దిగి, వాలుకు కింది వైపు నిలబడాలి. పై నుంచి వచ్చే ఆకారం చూస్తే మేక ఎక్కువ బెదురుతుంది. 1988లో మొదలైన అంతర్జాతీయ మౌంటెన్ బైక్ సంఘం కూడా నడిచేవారికి దారి ఇవ్వండి, జంతువులను బెదరగొట్టకండి అనే చెబుతుంది. నాకైతే ఆ నియమం అవ్వ నోటినుంచి విన్నాకే ఒంటబట్టింది.

ఇక శేషాచలం. ఇక్కడ మీ ఆశ మీద నీళ్లు చల్లక తప్పదు. శేషాచలం కొండలను 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. అందులోనే 353 చదరపు కిలోమీటర్ల శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. దాని బయట ఉన్న రిజర్వు అడవికి 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వర్తిస్తుంది, అక్కడా అనుమతి లేని ప్రవేశం నేరమే. పైగా ఇది ఎర్రచందనం అడవి. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెద్దగా పెరగని ఆ చెట్టు ఈ కొండల్లో, వీటిని ఆనుకున్న నల్లమల, వెలిగొండల్లో పెరుగుతుంది. దాని కోసం దుంగల దొంగలు తిరుగుతారు, వాళ్లను పట్టుకోవడానికి పోలీసు, అటవీ సిబ్బంది టాస్క్‌ఫోర్స్ తిరుగుతుంది. తెల్లవారకముందు తలకు లైటు పెట్టుకుని అడవిలో కదిలే పదిమందిని ఎవరైనా ఏమనుకుంటారు? ఉపగ్రహ పటంలో మీకు ఊరిస్తూ కనిపించే సన్నటి గీతల్లో చాలావరకు మంటలు పాకకుండా చెట్టూచేమా కొట్టి ఉంచిన ఫైర్ లైన్లు, గస్తీ దారులు. అవి మన కోసం వేసినవి కావు.

చట్టం మాట పక్కనపెట్టినా ఆ అడవిని వదిలేయమనే అంటాను. అక్కడుండే బంగారు బల్లి, దేవాంగపిల్లి రెండూ రాత్రి తిరిగే జీవులే, తెల్లవారకముందు మన లైట్లు వాటిని బెదరగొడతాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడిలో ఆరేళ్ల పాప ప్రాణం పోయింది, ఆ తర్వాత ఘాట్ రోడ్లపై ద్విచక్ర వాహనాల వేళలు కూడా కుదించారు. అంత నలిగిన దారిలోనే అలా జరిగితే లోపలి మాట వేరే చెప్పాలా? పలమనేరు వైపు చూస్తే కౌండిన్య అభయారణ్యం ఉంది, 1990లో ఏర్పడింది, సుమారు 358 చదరపు కిలోమీటర్లు. అక్కడి ఏనుగులు అడవిలోనే ఉండిపోవు, చెరకు, వరి, మామిడి తోటల్లోకి దిగుతాయి. రాత్రంతా టపాకాయలతో కాపలా కాసి తెల్లవారి కాస్త కన్నుమూసిన రైతు ఇంటి ముందు నుంచి మనం కేకలు వేసుకుంటూ సైకిళ్లు తొక్కితే అతనికి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ మండలాలకు వెళ్లేటట్టయితే ముందురోజు సాయంత్రం అటవీ సిబ్బందికి ఫోను చేసి గుంపు ఎటు ఉందో కనుక్కోండి. ఉందని చెబితే యాత్ర మానుకోండి, డబ్బు వెనక్కి ఇచ్చేయండి.

అడవి లోపలే కొంత తొక్కాలని ఉంటే ఒక్క మార్గం ఉంది. అటవీ శాఖ స్వయంగా తెరిచిన పర్యాటక దారులు, వాళ్ల రుసుము, వాళ్ల గైడు. మన తలకోనలో ఊరివాళ్లతో ఏర్పడ్డ వన సంరక్షణ సమితిని ముందు నిలిపి పర్యావరణ పర్యాటకం నడపడం పాత సంగతే. అటవీ డివిజన్ కార్యాలయానికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టండి. సైకిళ్లకు కుదరదంటే అక్కడితో వదిలేయండి. తెలిసినవాళ్ల ద్వారా గేటు తెరిపించుకునే ఆలోచన మాత్రం వద్దు. ఒక్క బృందం అలా దొరికితే ఆ పక్క ఊరివాళ్లు కట్టెలకు వెళ్లే దారి మీద కూడా నిఘా పెరుగుతుంది.

మరి ఎక్కడ తొక్కాలి? అడవి హద్దు రాళ్లకు ఇవతల. చంద్రగిరి, పాకాల, పులిచెర్ల, రొంపిచర్ల, సోమల, పుంగనూరు. ఈ మండలాల్లో గుట్టకూ గుట్టకూ మధ్య చెరువులు, చెరువు నుంచి చెరువుకు మొరవ (అలుగు) నీళ్లు పారే వంకలు, వాటి వెంట బండ్లబాటలు ఉన్నాయి. ఎద్దుల బండ్లు తగ్గాక సగం బాటలు ఖాళీగా పడి ఉన్నాయి. సైకిల్‌కు అంతకన్నా ఏం కావాలి! నేల కూడా చూడదగ్గది. శేషాచలం పైన ఉన్నది క్వార్ట్జైట్, అంచులు కత్తిలా ఉండి టైరు పక్కలను కోసేస్తుంది. కింద ఊళ్లలో ఉన్నది నల్లరాయి గుండ్లు, అవి అరిగి రాలిన గరుసు. తిరుమల ఘాట్ రోడ్డులో ఈ రెండు రాళ్లూ కలిసే గీత కంటికి కనిపిస్తుంది. భూవిజ్ఞానులు దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు, జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. మీ అతిథులను కొండకు తీసుకెళ్లినప్పుడు బస్సు కిటికీలోంచి చూపించండి, వాళ్లు తొక్కిన గరుసు ఎక్కడిదో అర్థమవుతుంది.

దారి ఎంచుకున్నాక గ్రామ సచివాలయంలో ఊరి పటం, సర్వే నంబర్లు చూడండి. ఒకే బాట మూడు కిలోమీటర్లలో వంక పోరంబోకు, డీకేటీ భూమి (పేదలకు ప్రభుత్వం ఇచ్చినది), సొంత పట్టా, మళ్లీ చెరువు పోరంబోకు మీదుగా వెళ్తుంది. పోరంబోకుకు పంచాయతీ తీర్మానం అడగండి. పట్టా, డీకేటీ భూములకు ఒక్కొక్క రైతు దగ్గరికి వెళ్లి సంతకం తీసుకోండి. సర్పంచ్ సరే అన్నారు కదా అని పట్టాలో దూరకండి, రచ్చ అక్కడే మొదలవుతుంది. గ్రామసభలో మీ మాట పెట్టించడం అన్నిటికన్నా మంచిది. 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే గ్రామసభకు చోటుంది. అక్కడ అడిగే ప్రశ్నలు పదునుగా ఉంటాయి, ఓపికగా వినండి. "మా పిల్ల పొలానికి ఒంటరిగా వెళ్తుంది, మీ మగపిల్లలు ఆ దారిన వస్తే ఎలా?" అని ఒక తల్లి అడిగింది. ఆ రోజు నుంచి ప్రతి బృందంలో ముందు ఒకరు, వెనక ఒకరు ఊరి మనిషి లేకుండా మేం కదల్లేదు. బృందం పన్నెండు మందికి మించనివ్వలేదు. మీరు ఇరవై అన్నారు. ఇరవై మంది సన్నటి బాటలో ఊరేగింపు అవుతారు, తగ్గించుకోండి.

సైకిళ్ల వల్ల నేల పాడవుతుందని ఎవరైనా అంటే కొట్టిపారేయకండి, అలాగని తల వంచుకోనూ అక్కర్లేదు. 1994లో అమెరికాలోని మోంటానాలో విల్సన్, సీనీ అనే పరిశోధకులు కొండదారుల మీద నడిచేవారి, గుర్రాల, మోటారు సైకిళ్ల, సైకిళ్ల ప్రభావాన్ని పోల్చి చూశారు. కొట్టుకుపోవడానికి సిద్ధంగా ఉండే మట్టిని చక్రాల కన్నా కాళ్లూ గిట్టలే ఎక్కువగా వదులు చేశాయని తేల్చారు. అయితే అది అక్కడి నేల. మన గరుసు వాలులో వెనక బ్రేకు బిగించి జారుకుంటూ దిగితే ఏర్పడే గాడి మరుసటి వానకు కాలువ అవుతుంది, ఇది నేను నా కళ్లతో చూసిందే. అందుకే జారుడు బ్రేకు వేసేవారిని మేం రెండోసారి తీసుకెళ్లం.

బాటను నిలబెట్టే లెక్కలు కష్టమైనవి కావు. బాట వాలు అది వెళ్లే గుట్ట వాలులో సగానికి మించకూడదు. గుట్ట వాలు 20 శాతమైతే బాట 10 శాతం దాటకూడదు, అంటే పది మీటర్లు నడిస్తే ఒక మీటరుకు మించి దిగకూడదు. మొత్తం మీద సగటు కూడా 10 శాతం లోపే ఉండాలి. బాట బయటి అంచు కాస్త కిందికి ఉండాలి, మీటరు వెడల్పుకు అయిదు సెంటీమీటర్లు చాలు, నీళ్లు బాట వెంట పారకుండా అడ్డంగా దాటిపోతాయి. మధ్య మధ్య దిగుతున్న బాటను చిన్నగా ఎక్కించి మళ్లీ దించితే అక్కడికక్కడ నీళ్లు బయటపడతాయి. కొలవడానికి ఖరీదైన పరికరం వద్దు, మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టం చాలు.

ఈ పనికి బయటి నుంచి నిపుణులను తేవాల్సిన అవసరం కూడా లేదు. ఉపాధి హామీ పనుల్లో కందకాలు తవ్విన, వంకలకు రాతికట్టలు కట్టినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. మా బాటలో ఒకచోట ప్రతి ఏటా గండి పడేది. నేను చదివినదంతా పెట్టి రెండుసార్లు సరిచేశాను, నిలవలేదు. కందకాల పనిలో మేటుగా, అంటే కూలీల పెద్దగా చేసిన ఒక పెద్దాయన వచ్చి, గండి దగ్గర నిలబడకుండా పైకి ఇరవై అడుగులు నడిచి, గడ్డి ఎటు వంగి ఉందో చూశారు. "నీళ్లు ఇక్కడ తిరుగుతున్నాయి, నువ్వు అక్కడ కడుతున్నావు" అన్నారు. ఆయన చెప్పిన చోట నాలుగు బండరాళ్లు ఏటవాలుగా పాతాం. నాలుగు ఈశాన్య రుతుపవనాలు దాటాయి, చెక్కుచెదరలేదు. ఆ పనికి కూలీ కాకుండా మేస్త్రీ రేటు ఇచ్చాం, మీరూ అలాగే ఇవ్వండి.

డబ్బు లెక్క ఇలా వేసుకోండి. రోజు యాత్రకు మనిషికి 1,500 తీసుకుంటే పన్నెండు మందికి 18,000. ఊరి పొదుపు సంఘం మహిళలకు పొద్దుటి ఫలహారం, మధ్యాహ్నం రాగి సంకటి భోజనం కలిపి మనిషికి 250 చొప్పున 3,000. ఇద్దరు ఊరి గైడ్లకు వెయ్యి చొప్పున 2,000. సైకిల్ మెకానిక్‌కు 1,000. ఊరి నిధికి మనిషికి 150 చొప్పున 1,800. మందులపెట్టె, నీళ్లు మోస్తూ వెనక వచ్చే వాహనానికి 3,000, అదీ ఆ ఊరి ఆటోనే మాట్లాడండి. మొత్తం 10,800 ఊళ్లో ఉంటుంది, అంటే 60 శాతం. మిగతా 7,200లో సైకిళ్ల మరమ్మతు, బీమా, మీ శ్రమ. మొదటి ఏడాది మీకు పెద్దగా మిగలదు, ఆ సంగతి తెలిసే దిగండి. ఏ యాత్రకు ఎంత వచ్చిందో, ఎవరికి ఎంత వెళ్లిందో సచివాలయం బోర్డు మీద కాగితం అంటించండి. చెవులు కొరుక్కునే అవకాశం ఉండదు.

ఊరి నిధి దేనికి ఖర్చు పెట్టాలో మీరు చెప్పకండి. మా దగ్గర మొదటి ఏడాది అందరూ గుడికి సున్నం అనుకున్నారు. అవ్వ లేచి, గుట్ట పైన బోరు దగ్గర తొట్టి కడితే మందలు నీళ్లకు కట్ట దిగే పనే ఉండదని చెప్పింది. తొట్టి కట్టారు. ఇప్పుడు తొమ్మిది దాటాక కూడా ఆ బాట చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. అయినా మేం వేళ మార్చలేదు, ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉండాలి.

మెకానిక్ గురించి ఒక మాట. ఇక్కడ ప్రతి యాత్రలో ట్యూబులు పోతాయి. పల్లేరుకాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, తుమ్మ ముల్లయితే బూటు అడుగునే దిగబడుతుంది. ట్యూబు లేని టైర్లు, లోపల చిల్లును పూడ్చే సీలెంట్ వాడండి. సెంటర్‌లో పంక్చర్లు వేసే కుర్రవాడికి గేర్లు సరిచేయడం, డిస్కు బ్రేకు ప్యాడ్లు మార్చడం నేర్పించి, పనిముట్లు మీరు కొనివ్వండి. మా కుర్రవాడు ఇప్పుడు సొంతంగా పాత గేరు సైకిళ్లు కొని, బాగుచేసి, బడిపిల్లలకు అమ్ముతున్నాడు. ఈ తొమ్మిదేళ్లలో నాకు బాగా తృప్తినిచ్చింది అదే.

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో డెర్బీ అనే పాత తగరపు గనుల ఊరు ఉంది. గనులు మూతపడి ఊరు చిన్నబోయాక 2015లో అక్కడ సైకిల్ బాటలు తెరిచారు, ఊరు మళ్లీ కళకళలాడింది. దాంతోపాటే ఇళ్ల ధరలూ పెరిగాయి. మన దగ్గర బాట పక్క ఎకరం కొని రిసార్టు కడదామని మీ అతిథుల్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మీరు మధ్యవర్తి అవ్వకండి.

ఆరోగ్యం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. రక్తపింజర, కట్లపాము, నాగుపాము ఇక్కడివే. యాత్రకు ముందురోజు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి ఫోను చేసి పాముకాటు మందు ఉందో లేదో అడగండి. కాటు వేస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి. సిగ్నల్ లేని వంకలు ముందే గుర్తు పెట్టుకోండి. మార్చి నుంచి జూన్ వరకు ఎండకు యాత్రలు మానేయండి, అక్టోబరు, నవంబరు వానల్లో చెరువు మట్టి మీద చక్రం గుర్తు పడుతుంటే ఆ రోజుకు ఆపేయండి. వేరుశెనగ పీకే రోజుల్లో దారి మీద కాయలు ఆరబోసి ఉంటాయి, వాటి మీద చక్రం ఎక్కితే ఆ ఊళ్లో మళ్లీ మంచినీళ్లు కూడా పుట్టవు. గంగ జాతరకు చాటింపు వేశాక పొలిమేర దాటి రాకపోకలు వద్దనుకునే ఊళ్లున్నాయి, ఆ వారం అటు వెళ్లకండి.

చివరిగా ఫోనులో నమోదయ్యే దారి పటాల గురించి. పరుగు, సైకిల్ దారులను నమోదు చేసే స్ట్రావా యాప్ 2017 నవంబరులో పెట్టిన ప్రపంచ పటంలో సైనిక స్థావరాల దారులు కూడా ఉన్నట్టు 2018 జనవరిలో బయటపడ్డ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మన దగ్గర ఒకరు అడవి హద్దు దాటిన దారిని పంచుకుంటే వచ్చే వారం అయిదుగురు అటే వెళ్తారు, వాళ్లకు అవ్వ తెలియదు, తొమ్మిది గంటల మాట తెలియదు. మీ అతిథులచేత బయలుదేరే ముందే ఆ పంచుకునే ఏర్పాటు ఆపించండి. బావి దగ్గర, బోరు దగ్గర ఆడవాళ్ల ఫొటోలు తీయనివ్వకండి.

డిసెంబరు మూడో వారంలో మొదటి యాత్ర పెట్టుకోండి. అందుకోసం వినాయక చవితి కాగానే ఊరికి వెళ్లండి, సైకిల్ ఇంటి దగ్గరే ఉంచండి. ఉదయం ఆరింటికి పాలకేంద్రం దగ్గర నిలబడండి. పాలు పోయడానికి వచ్చేవాళ్లలో మేకలవాళ్లు, మామిడితోటలవాళ్లు, డీకేటీ రైతులు, పొదుపు సంఘం వాళ్లు అందరూ ఉంటారు. మీరు తొక్కాలనుకున్న బాట పేరు చెప్పి, అది ఎవరెవరి చేల మీదుగా పోతుందో అడగండి. క్యాన్లు ఆటో ఎక్కేలోపు మీకు కనీసం ఆరు పేర్లు తెలుస్తాయి. ఆ ఆరుగురి ఇళ్లకు ఒక్కొక్కరి దగ్గరికి విడిగా వెళ్లండి.